అపు ఆవాజ్ ఎవరిది?

ఈసారి ఒక మజాక్ తారీఖ్ చెప్తాను. ఒక కార్టూన్ దుకాణందారు, అతని లెహజా మీద సవాల్ వేసిన ఒక తెలుగింటి బిడ్డ. జరిగింది అమెరికాలోనే అయినా, కిస్సా మాత్రం మనదాకా వస్తుంది.

'ది సింప్సన్స్' అనే అమెరికా టీవీ కార్టూన్ 1989 డిసెంబర్‌లో మొదలైంది. బొమ్మలే గానీ చిన్నపిల్లల కోసం తీసినవి కావు. కొలువు, సియాసత్, మజహబ్, కాపురం అన్నిటి మీదా పెద్దవాళ్ళు నవ్వుకునే తంజ్ అది. 1990లో అందులోకి అపు అనే హిందుస్తానీ దుకాణందారు వచ్చాడు. ఆవాజ్ ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు. 1968 నాటి 'ది పార్టీ' సినిమాలో పీటర్ సెల్లర్స్ ముఖానికి రంగు పూసుకుని హిందుస్తానీ వేషం వేశాడు కదా, అపు లెహజాకి అది కూడా ఒక నమూనా అని అజారియానే చెప్పాడు. అంటే నకలుకి నకలు అన్నమాట.

చాలా ఏళ్ళు అమెరికా టీవీలో మనవాళ్ళంటే జనానికి గుర్తొచ్చేది అపు ఒక్కడే. బళ్ళలో మనవాళ్ళ పిల్లల్ని ఆ లెహజాతోనే ఏడిపించేవాళ్ళు. అలా పెరిగినవాళ్ళలో ఒకడు హరి కొండబోలు. ఆంధ్ర నుంచి వెళ్ళిన వాల్దైన్‌కి 1982లో న్యూయార్క్ క్వీన్స్‌లో పుట్టాడు. సియాటిల్‌లో వలసదారుల హక్కుల కోసం పనిచేశాడు, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో మానవ హక్కులు చదివాడు. దాంతోపాటే స్టేజీ ఎక్కి ఒంటరిగా మైకు పట్టుకుని నవ్వించడం పేషాగా చేసుకున్నాడు. 2012లో 'టోటల్లీ బయస్డ్' అనే టీవీ షోలో అపు సంగతి ఎత్తాడు. 2017 నవంబర్‌లో 'ది ప్రాబ్లమ్ విత్ అపు' డాక్యుమెంటరీ తెచ్చాడు. అందులో తమ తజుర్బా చెప్పినవాళ్ళలో అజీజ్ అన్సారీ, హసన్ మిన్హాజ్, ఆసిఫ్ మాండ్వీ లాంటి ముస్లిం ఇళ్ళ బిడ్డలు కూడా ఉన్నారు.

ఒక్కటి గమనించాలి. హరికి ఆ కార్టూన్ అంటే చిన్నప్పటి నుంచీ మొహబ్బత్. అపుని ఖతం చేయమని అతను అడగలేదు. మా అబ్బాజాన్‌ల మాటని ఎవరు పలుకుతున్నారు, అది రాసే గదిలో మేమెందుకు లేము అని అడిగాడు. అయినా గాలీలు తిన్నాడు, చంపుతామనే బెదిరింపులూ వచ్చాయి. 2018 ఏప్రిల్‌లో ఆ కార్టూన్ ఒక ఎపిసోడ్‌లో లీసా పాత్రతో ఈ సవాల్‌ని తేలిగ్గా తీసిపారేయించింది. కానీ 2020 జనవరిలో అజారియా ఆ పాత్ర నుంచి తప్పుకున్నాడు. 2021లో మాఫీ అడిగాడు. 2023లో ఇద్దరూ కలిసి ఒక రేడియో కార్యక్రమంలో మాట్లాడుకున్నారు. తెలుగు మూలాలున్న అపర్ణ నాంచెర్ల అయితే 'బోజాక్ హార్స్‌మన్' అనే పెద్దల కార్టూన్‌లో హాలీహాక్ అనే ఆడపిల్ల పాత్రకి ఆవాజ్ ఇచ్చింది. అందులో వెక్కిరింత లెహజా లేదు.

ఇక మన ఇంటి సంగతి. తెలుగు సినిమాలో సాయిబు ఎన్నోసార్లు 'నిమ్కీ, మాకీ' అంటూ వస్తాడు, జనం నవ్వుతారు, వెళ్ళిపోతాడు. అదే 'ది అంగ్రేజ్' వచ్చినప్పుడు దక్కనీ మాట్లాడే ఇళ్ళన్నీ పొట్ట పట్టుకుని నవ్వాయి. అందులో ఇస్మాయిల్ భాయ్‌గా వేసిన ధీర్‌చరణ్ శ్రీవాస్తవ్ ముస్లిం కాదు. అయినా ఎవరికీ మనసు నొప్పి పుట్టలేదు, ఎందుకంటే అతను ఆ జబాన్ లోపలి నుంచే మాట్లాడాడు. కాబట్టి నటుడి మజహబ్ ఏదని కాదు, ఆ మాట అతనికి తన సొంతమా, తమాషానా అన్నదే సవాల్.

అపు లాంటి దుకాణందార్లు మా తిరుపతిలో వీధి వీధికీ ఉన్నారు. కొండకొచ్చే యాత్రికులతో తమిళం, కన్నడం, హిందీ అన్నీ కొంచెం కొంచెం మాట్లాడతారు. వ్యాకరణం తప్పినా సౌదా ఆగదు. పరాయి జబాన్ నేర్చుకోడానికి మనిషి పడిన మెహనత్ అతని లెహజాలో వినిపిస్తుంది. దాన్ని చూసి నవ్వేదేముంది?

మరి మనం నవ్వట్లేదా? రాయలసీమలో దూదేకుల బిరాదరీ ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతారు. వాళ్ళు షాదీల్లో, దావత్‌లలో నాలుగు ఉర్దూ ముక్కలు మాట్లాడితే, ఉర్దూ ఇళ్ళవాళ్ళు ఆ లెహజా పట్టి ఎగతాళి చేయడం మీరూ చూసే ఉంటారు. సినిమావాడు మనల్ని చేసేదే మనం మన సొంత భాయియోంని చేస్తున్నాం. ఒక ఖౌమ్ ఇంకో ఖౌమ్‌ని ఎగతాళి చేయకూడదని సూరె హుజురాత్ 11వ ఆయత్‌లో అల్లాహ్ మనా చేశాడు. వాళ్ళే వీళ్ళకన్నా మేలైనవాళ్ళు కావచ్చునని కూడా అక్కడే ఉంది.

మజాక్ వద్దని నేననను. నవ్వు లేని ఇల్లు ఇల్లే కాదు. మన కథలు మన పిల్లలే రాయాలి, బొమ్మలు మన పిల్లలే గీయాలి, ఆవాజ్ మన పిల్లలే ఇవ్వాలి. అంతకుముందు రేపటి దావత్‌లో ఎవరైనా ఉర్దూలో తడబడితే, నవ్వకుండా పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళతో తెలుగులోనే మాట్లాడండి, అదీ మన జబానే.

ఖుదా హాఫిజ్.