ఇల్లిచ్చారు, చోటేది?

మా పేట కవిటి దగ్గర కొబ్బరితోటల వెనక ఉండేది. పాకలు మావి, కింద నేల రైతుది. కాయ దింపాలి, కమ్మలు మొయ్యాలి, ఎండల్లో జీడిపిక్కలు ఏరాలి. అందుకు బదులు పాక వేసుకోనిచ్చాడు. పనికి రానంటే పాక పీక్కుపోవాలి. దీన్ని వెట్టి అనాలని నాకు కాలేజీకెళ్ళాకే తెలిసింది. మా వాళ్ళు 'ఆయన దయ' అనేవారు.

1985-86లో కేంద్ర ప్రభుత్వం ఇందిరా ఆవాస్ యోజన మొదలెట్టింది. మొదట్లో అది ఎస్సీ, ఎస్టీలకీ, విడుదలైన వెట్టికూలీలకీ మాత్రమే. 1989లో దాన్ని జవహర్ రోజ్‌గార్ యోజనలో కలిపారు. 1993-94 నుంచి మిగతా పేదలకీ తెరిచారు. 1996 జనవరి 1 నుంచి విడి పథకమైంది. కాంట్రాక్టరు ఉండకూడదు, ఎవరిల్లు వాళ్ళే కట్టుకోవాలి, ఆడమనిషి పేరునో ఆలుమగలిద్దరి పేరునో ఉండాలి. రాసినవన్నీ మంచి మాటలే. ఆ ఇల్లు ఎవరి నేలమీద కట్టాలో అన్న దగ్గరే వచ్చింది చిక్కంతా.

ఆఫీసులో పట్టా అడిగారు. మా అమ్మ ఊరుకోలేదు. "గోడలెట్టుకోడానికి డబ్బులిత్తామంతన్నారు, ఏటిమీద ఎట్టుకోమంతారు బాబూ?" అంది. జవాబు లేదు. ఏళ్ళు తిరిగాక ఊరికి దూరంగా, వాన నీళ్ళు నిలిచే పల్లంలో పట్టాలిచ్చారు. వెలివాడ అలాగే ఉంది, కాకపోతే ఈసారి సర్కారు కొలతలతో వచ్చింది. పునాదికో బిల్లు, గోడలకో బిల్లు, స్లాబుకో బిల్లు. బిల్లు ఆగినచోటల్లా అప్పు పుట్టింది. చోటు కొనుక్కోడానికి కేంద్రం సాయం పెట్టింది 2009లో, పథకం పుట్టిన ఇరవైమూడేళ్ళకి. ఎంత? ఇంటికి 10 వేలు, అందులో సగం రాష్ట్రానిది.

అయినా ఆ ఇల్లు ఉత్తదని నేననను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. పాకలూ రేకులూ ఎగిరిపోయినవాళ్ళంతా మా స్లాబు కింద నిలబడ్డారు. కూర్చునే చోటు లేదు.

లేకపోదా మరి! పథకం చెప్పిన కనీస కొలత 20 చదరపు మీటర్లు. అందులో ఇప్పుడు మా అన్నదమ్ముల రెండు కాపరాలు, మధ్యన అమ్మ పాతచీర అడ్డం. 2016లో పథకం పేరు ప్రధానమంత్రి ఆవాస్ యోజనగా మారింది. కొలత 25 మీటర్లయింది, సాయం 1,20,000. నేల లేనివాడికి రాష్ట్రమే చోటు చూపాలని అందులో ఉంది. ఆ మాట పట్టుకుని మా తమ్ముడు అర్జీ పెట్టాడు. పెట్టి, కూలికి చెన్నై రైలెక్కాడు.