సామాజిక తనిఖీ

ప్రభుత్వ సొమ్ముతో జరిగిన పనిని, అది ఎవరికోసం జరిగిందో వాళ్లే రికార్డులు దగ్గర పెట్టుకుని సరిచూసుకునే పద్ధతి సామాజిక తనిఖీ. మామూలు ఆడిటర్ కాగితాన్ని కాగితంతో పోల్చి చూస్తాడు. ఇందులో కాగితాన్ని చెరువు గట్టుతోనూ కూలికి వెళ్లిన మనిషితోనూ పోల్చి చూస్తారు. వాడుకలో సోషల్ ఆడిట్ అన్నదే ఎక్కువగా వినపడుతుంది.

ఈ పద్ధతికి పుట్టిల్లు రాజస్థాన్. పాలీ జిల్లా కోట్‌కిరానాలో 1994 డిసెంబరులో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ బహిరంగ విచారణ పెట్టి, కూలీల హాజరు పట్టీలను, అంటే మస్తర్లను, జనం ముందు బిగ్గరగా చదివించింది. అలాంటి విచారణల్లోంచి లేచిన ఉద్యమం సమాచార హక్కు చట్టానికి దారితీసింది. దానిలాగే 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం, పనులన్నిటికీ గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని 17వ సెక్షన్‌లో రాసింది. చాలా రాష్ట్రాలు దాన్ని చట్టం పుస్తకంలోనే ఉంచాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాత్రం ఆచరణలో పెట్టింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైతే, అదే ఏడాది అదే జిల్లాలో పెద్దఎత్తున తనిఖీ జరిగింది. 2009లో తనిఖీ కోసమే ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. పని చేయించిన శాఖే ఆ పనిని తనిఖీ చేసుకుంటే దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే కదా! కేంద్రం కూడా 2011లో కాగ్‌ను సంప్రదించి తనిఖీ నిబంధనలు తెచ్చింది.

ఇక గోదావరి జిల్లాల సంగతి చూస్తే, తూర్పు గోదావరికి ఉపాధి హామీ 2007 ఏప్రిల్‌లో, పశ్చిమ గోదావరికి 2008 ఏప్రిల్‌లో వచ్చింది. కాలువల కింద రెండు పంటలు పండే సీమలో ఈ పనులెవరికి అన్నవాళ్లూ లేకపోలేదు. వేసవిలో కాలువలు కట్టేశాక కూలీల ఇళ్లు చూస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరికేది. తూర్పు గోదావరిలో లక్ష్మీనరసింహస్వామి కొండతో పేరుపడ్డ కోరుకొండ పరిసరాలైతే మెట్ట. అక్కడ చెరువు పూడికతీత ఊరి అవసరం కూడా.

ఉపాధి హామీ తనిఖీకి యూనిట్ మండలం. కోరుకొండ లాంటి మండలంలో తంతు ఇలా నడుస్తుంది. ముందు ఎంపీడీవో కార్యాలయం నుంచి మస్తర్లు, పని కొలతలు రాసే ఎం.బుక్కులు, చెల్లింపుల వివరాలు తీసుకుంటారు. కూలీ కుటుంబాల్లో చదువుకున్న యువతీ యువకులకు కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి, సొంత ఊరు కాకుండా వేరే ఊళ్లకు పంపుతారు. వాళ్లు పెద్దల ఇళ్లలో ఆతిథ్యం తీసుకోకూడదు. ఆ తర్వాతిదంతా అరుగుల మీది పని. పాస్‌బుక్కు పక్కన పెట్టుకుని మస్తరు చదువుతారు. ‘ఏమ్మా, ఆ వారం ఆరు రోజులు వెళ్లినట్టుంది?’ అంటే, ‘నాలుగు రోజులే వెళ్లానండి, ఆపైన మా అమ్మాయి పురిటికెళ్లిపోయానండి’ అని సమాధానం. ఆ రెండు రోజుల కూలి ఎవరి చేతికి వెళ్లిందన్నది తర్వాతి ప్రశ్న. ఇంకొకరు టేపు పట్టుకుని చెరువులోకి దిగుతారు. కూలి లెక్కకట్టేది తవ్విన మట్టి ఘనపరిమాణాన్ని బట్టి కాబట్టి, ఎం.బుక్కులో రాసిన లోతు గోతిలో కనపడాలి. వానలు పడి నీళ్లు చేరాక కొలిస్తే ఏదీ తేలదు. అందుకే తనిఖీకి ఏ నెలలో వచ్చారన్నది ముఖ్యం.

కనిపెట్టినవి ముందు గ్రామసభలో, ఆ తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక మీద చదువుతారు. ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు నుంచి మండలంలో పథకం చూసే ఏపీవో దాకా జనం ముందే బదులు చెప్పాలి. రికవరీలు, సస్పెన్షన్లు అక్కడే ప్రకటిస్తారు. పేదవాడు నిలబడి అధికారిని లెక్క అడిగే చోటు మన పాలనలో మరెక్కడా ఇంత స్పష్టంగా కనపడదు.

ప్రకటించిన రికవరీ వసూలు కావడం దగ్గరే ఈ పద్ధతి చతికిలబడింది. ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాల 2006-10 తనిఖీ నివేదికలను పరిశీలించిన ఫర్జానా అఫ్రీదీ, వెగార్డ్ ఐవర్సన్ ఒక విచిత్రం గమనించారు. కూలికి సంబంధించిన అక్రమాల నుంచి, కూలీల కంటికి అంత తేలిగ్గా ఆనని సామగ్రి బిల్లుల వైపు అవినీతి మళ్లింది. పోయిన సొమ్ములో చాలాభాగం తిరిగి రానేలేదు. ఇండోనేషియాలో 608 గ్రామాల రోడ్ల పనుల మీద బెంజమిన్ ఓల్కెన్ 2007లో ప్రచురించిన ప్రయోగం మరింత కటువైన మాట చెప్పింది. ప్రభుత్వ ఆడిట్ తప్పదని తెలిసినచోట గల్లంతయ్యే సొమ్ము తగ్గింది. ప్రజల భాగస్వామ్యం పెంచినచోట సగటున పెద్ద మార్పు లేదు. ఈ రెండూ కలిపి చదివితే తేలేది ఒకటే. దొంగ మస్తరును పట్టుకోవడం ఊరివాళ్లకు చేతనవుతుంది. దొంగను శిక్షించడం వాళ్ల చేతిలో లేదు.

యంత్రాలు ఊరివాళ్ల తనిఖీకి బదులు కాలేవు. 2023 జనవరి నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటోతో హాజరు తప్పనిసరి చేస్తే, ఫొటోకే ఫొటో తీసి ఎక్కించిన ఉదంతాలు బయటపడ్డాయి.

ఉపాధి హామీ దాటి కూడా ఈ పద్ధతి పాకింది. రేషన్ దుకాణాల తనిఖీని 2013 ఆహార భద్రత చట్టం చెప్పింది. మేఘాలయ 2017లో దీనికోసమే ఒక చట్టం చేసింది. మన దగ్గర మాట పలచబడింది కూడా. 2019 అక్టోబరు 2న తూర్పు గోదావరి జిల్లా కరపలో గ్రామ సచివాలయ వ్యవస్థ మొదలయ్యాక, అర్హుల జాబితా గోడకు అంటించడాన్నీ సోషల్ ఆడిట్ అన్నారు. జాబితా అంటించడం అవసరమే. అయితే ఎవరూ ప్రశ్న అడగని, ఎవరూ జవాబివ్వని గోడను తనిఖీ అనలేం.

తనిఖీ బృందం వచ్చేదాకా ఆగక్కర్లేదు. చెరువు పని ఎం.బుక్కు నకలు ఎవరైనా అడగవచ్చు. ఆంధ్రప్రదేశ్ సమాచార హక్కు నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైస్థాయిలో 10. నకళ్ల ఖర్చు వేరు. జవాబుకు గడువు 30 రోజులు.