ముల్కీ కాగితం

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉస్మానియా దవాఖాన ఉంది. దానికి దగ్గర్లోనే పాత ఆసఫియా కుతుబ్‌ఖానా, అంటే ఇప్పటి కేంద్ర గ్రంథాలయం ఉంది. 1952లో ఏం జరిగిందో ఈ రెంటినీ కలిపి చూస్తేనే మాకు అర్థమవుతుంది.

కుతుబ్‌ఖానాలో ఉన్నది మా పెద్దల ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ వైద్యం, ఇంజనీరింగు, న్యాయశాస్త్రం కూడా ఉర్దూలోనే చెప్పింది. కచేరీలూ కోర్టులూ ఉర్దూలోనే నడిచాయి. అది మా ఒక్కళ్లకే అన్నం పెట్టలేదు. కాయస్థులూ, బ్రాహ్మలూ, రెడ్లూ ఆ భాషతోనే నౌకరీలు చేశారు. తెలుగు మాత్రమే తెలిసిన పల్లెజనానికి అదే ఉర్దూ తలుపు మూసింది. ఆ నిజాన్ని మేం దాచం.

1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది. దానికి సర్కారు పెట్టిన పేరు పోలీసు చర్య. ఆ తర్వాత పాలన ఇంగ్లీషులోకి మారింది. ఉర్దూలో చదివినవాడు రాత్రికి రాత్రే చదువురానివాడయ్యాడు. ఇంగ్లీషు తెలిసినవాళ్లు కావాలని మద్రాసు రాష్ట్రం నుంచి ఉద్యోగుల్ని తెచ్చారు.

స్థానికులకు ముల్కీ నిబంధనల రక్షణ ఉందిగదా అన్నారు. పదిహేనేళ్ల నివాసం చూపినవాడు ముల్కీ. చూపాల్సింది సర్టిఫికెట్. నౌకరీ కాగితం మీద ఆధారపడితే కాగితం పుట్టుకొస్తుంది. దొంగ ముల్కీ సర్టిఫికెట్లు బయల్దేరాయి. గోడ అనుకున్న నిబంధన దొడ్డిదారి అయింది. అసలు ముల్కీ బయటే నిలబడ్డాడు.

వరంగల్‌లో రాజుకున్న విద్యార్థుల కోపం 1952 సెప్టెంబరు 3న నయాపూల్ అవతల సిటీ కాలేజీకి చేరింది. కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్లలో ముస్లిం పేర్లూ ఉన్నాయి, హిందూ పేర్లూ ఉన్నాయి. అప్పటి ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు స్వయంగా ఉర్దూ, పారశీకాల పండితుడు.

తర్వాత 1969 వచ్చింది. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అంది. అటువైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973లో పార్లమెంటు ఆ నిబంధనలనే రద్దు చేసింది. ఆ గొడవ 2014లో తెలంగాణ వచ్చేదాకా సాగింది.

ఈ చరిత్రను రెండు ముక్కలు చేసి చెప్తున్నారు. ఉద్యోగాలు పోవడం తెలంగాణ బాధట. ఉర్దూ పోవడం ముస్లిముల బాధట. రెండూ ఒకే ఉత్తర్వు దెబ్బలు. ముల్క్ మా మాటే. ముల్కీ పోరులో మా నెత్తురూ ఉంది. అయినా ఇవాళ మీరెక్కడివాళ్లని కాగితం అడుగుతున్నది మమ్మల్నే.