రంభలో ఒక మేడ



మన దేశంలో చూడదగ్గ స్థలాలంటే ఆగ్రాలో తాజమహలు, హైదరాబాదులో చార్మినారు, కోణార్కలో సూర్యదేవాలయం వెంటనే గుర్తుకొస్తాయి. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో గుర్తు. అయితే ఒక రాష్ట్రం కావాలన్న ఆలోచనకే చోటిచ్చిన మేడ మన పొరుగునే ఉందని మీలో ఎందరికి తెలుసు? ఇచ్ఛాపురంలో రైలెక్కి బరంపురం, ఛత్రపురం దాటితే చిలక సరస్సు ఒడ్డున రంభ వస్తుంది. ఆ మేడ అక్కడే ఉంది.

1766 సంధితో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. గంజాం కూడా అందులోదే. 1790ల మొదట్లో గంజాం దొరగా ఉన్న థామస్ స్నాడ్‌గ్రాస్ సరస్సుకు ఎదురుగా ఈ మేడ కట్టించాడు. అక్కడికి దగ్గర్లోని ఒక లంకలో ఉన్న చిన్న గది, మరో చోట నీళ్ల మధ్య బండమీద నిలిచిన స్తంభం ఇప్పటికీ పడవవాళ్లు చూపిస్తారు. ఆ స్తంభం మీద రాత్రిపూట దీపం పెట్టించేవాడట. కొలువు పోయాక పింఛను కోసం ఆ దొర లండనులో కంపెనీ కచేరీ ముందు వీధి ఊడ్చాడని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది.

తరువాత మేడ ఖల్లికోట రాజుల వశమైంది. మన కథకు అసలు మలుపు ఇక్కడే. అప్పట్లో ఒడియా మాట్లాడేవాళ్లు మద్రాసు, బెంగాలు, మధ్యపరగణాల కింద చెల్లాచెదురుగా ఉండేవారు. గంజాం ఒడియాలకు కచేరీలో, బడిలో తమ భాషకు చోటు తక్కువన్న బాధ ఉండేది. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఖల్లికోట రాజా హరిహర మర్దరాజు రంభ మేడలో ఒడియా పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడించాడు. అలా గంజాం జాతీయ సమితి వెలిసింది. 1903 డిసెంబరులో మధుసూదన దాసు పూనికతో కటకంలో ఉత్కళ సమ్మిళని మొదటి సభ జరిగింది.

పదేళ్లకు, 1913లో, బాపట్లలో మన ఆంధ్ర మహాసభ మొదలైంది. గమనించండి. ఇద్దరి బాధా ఒకటే, ఇద్దరి కోరికా ఒకటే. కాని గీత గీసే రోజు వచ్చేసరికి ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. 1931లో ఓడొనెల్ సరిహద్దు సంఘం వేసినప్పుడు బరంపురం మాదంటే మాదని రెండు పక్షాలూ వాదించాయి. చివరకు 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం, ఛత్రపురం, రంభ అటు వెళ్లాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసులోనే ఉండి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో అవి శ్రీకాకుళం జిల్లా అయ్యాయి.

ఆ గీతకు అటున్న తెలుగువాడికి ఇల్లు మారలేదు, కచేరీ భాష మారింది. ఇటున్న ఒడియావాడి సంగతీ అంతే. పెళ్లిసంబంధాలు, బేరసారాలు మాత్రం ఆగలేదు. మన మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో పుట్టింది బరంపురంలోనే. అప్పటికి అది మద్రాసు రాజధానిలోని ఊరు.

కాబట్టి రంభ మేడను మనవాళ్లు పరాయిదిగా చూడనక్కరలేదు. మన భాష కోసం మనం పడిన తపన పొరుగువాడూ పడ్డాడని ఆ గోడలు చెబుతాయి. ఈసారి చిలక చూడబోయినప్పుడు పక్షులనూ లంకలనూ చూసి తిరిగి రాకండి. ఆ మేడ ఎదుట ఓ నిమిషం ఆగండి. ఇంటికి వచ్చాక మీ పెద్దల పాత దస్తావేజులు తీసి చూడండి. ఇచ్ఛాపురం పొలమైనా సరే, 1936కు ముందుదైతే ఆ కాగితం మీద ఉండేది గంజాం జిల్లా పేరే.