సరస్సు నంబరు 223

1976. కెనడాలో ఒంటారియో వాయవ్య మూల. ఎటు చూసినా స్ప్రూస్ అడవి, జిగురు వాసన, చెవుల చుట్టూ దోమల రొద. సరస్సుకి పేరు లేదు, నంబరే: 223. దాని మీద ఓ పడవ నెమ్మదిగా చుట్లు తిరుగుతోంది. తిరుగుతూ నీళ్లలోకి సల్ఫ్యూరిక్ యాసిడ్ దించుతోంది. పోస్తున్నది దుండగులు కాదు. సరస్సుల మీదే బతుకంతా పెట్టిన శాస్త్రవేత్తలు!

వాళ్ల పెద్ద డేవిడ్ షిండ్లర్. అదే ఒంటారియోలోని సడ్బరీ లోహపు కొలుముల పొగా, బొగ్గు కరెంటు కేంద్రాల పొగా మబ్బుల్లో కలిసి, వందల మైళ్లు కొట్టుకుపోయి, సున్నం బొత్తిగా లేని గ్రానైట్ గుంటల్లో యాసిడ్ వానై దిగుతుంటే, ఏ మోతాదు దగ్గర ఏ ప్రాణి పోతుందో కళ్లతో చూసినవాళ్లు లేరు. అది చూడ్డానికే ఈ యాసిడ్. పిహెచ్ 5 దాకా చేపలకు ఢోకా లేదన్న ధీమా మాత్రం చాలామందికి ఉంది. 223లో అప్పుడు పిహెచ్ 6.8.

ఏటా కొంచెం కొంచెం దించారు. ఒక్క అంకె తగ్గిందంటే ఆమ్లం పదింతలైనట్టే. కానీ పోసిన యాసిడ్‌లో సగానికి పైగా లెక్కకు రావట్లేదు. ఎటు పోతోంది?

అడుగు బురదలోకి. గాలాడని ఆ చీకట్లో బ్యాక్టీరియా సల్ఫేట్‌ని తినేసి యాసిడ్‌ని విరిచేస్తోంది. సరస్సు ఎదురు తిరిగింది. ఎన్నాళ్లు?

పిహెచ్ 5.8. లక్షల్లో ఉండే గోరంత మైసిస్ రొయ్యలు వలకు చిక్కడం మానేశాయి. మిన్నో అనే చిట్టి చేపలూ అదే దారి. ఇంకాస్త దిగాక క్రేఫిష్‌ల పెంకు మెత్తబడింది, వాటికి పరాన్నజీవులు పట్టాయి. లేక్ ట్రౌట్ మాత్రం దర్జాగా తిరుగుతోంది. గట్టు మీంచి చూస్తే సరస్సు భేషుగ్గా ఉంది. భయపెట్టేదీ అదే.

1982. ట్రౌట్‌ని పట్టి పైకి తీశారు. తలకాయే ఉంది, ఒళ్లు లేదు. 1979 ఫొటోలో ఇదే సరస్సు ట్రౌట్ బొద్దుగా మెరుస్తోంది. దీన్ని యాసిడ్ నేరుగా కాల్చలేదు. తిండి పోయింది, ఆకలి తినేసింది. పిల్ల చేపల కోసం వెతికారు. కనబడలేదు.

1985లో ఇదంతా 'సైన్స్' పత్రికలో అచ్చయ్యేనాటికే 223లో యాసిడ్ మోతాదు తగ్గించేశారు. పిహెచ్ మెల్లగా పైకి జరిగింది. సకర్ అనే మరో రకం చేపలు మళ్లీ పిల్లల్ని లేపడం మొదలెట్టాయి.