తేగలు కాలేలోపు

ఆ కొబ్బరి డొక్కలు ఇలా మంటలోకి తొయ్యరా నాన్నా. మంచు బాగా దిగింది ఇవాళ, కాలవగట్టు కూడా ఆనడం లేదు. తేగలు మంట మీద పెట్టకు, నిప్పుల పక్కన పడుకోబెట్టు. మంట తగిలిందంటే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతాయి.

స్నేహితుల్ని తీసుకొస్తాను, మన కోనసీమలో వాళ్ళకి ఏం తినిపించాలి అమ్మమ్మా అంటున్నావు. ముందు ఎప్పుడొస్తారో చెప్పు. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రం. చుట్టూ నీళ్ళున్న గడ్డ మనది. ఇక్కడ ఏది తినాలన్నా ఆ నీళ్ళు చెప్పిన వేళకే తినాలి.

నాకు పదిహేడో ఏట పెళ్ళయితే కోటిపల్లి రేవులో పడవెక్కి ముక్తేశ్వరం వైపు దిగాను. పక్కన సారె కావిడి, కళ్ళనిండా భయం. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన అప్పుడెక్కడిది? నది పొంగిందంటే పడవలు కట్టేసేవారు. పుట్టింటికి కబురు కూడా అందేది కాదు. అందుకే ఇక్కడి ఆడవాళ్ళు దొడ్లో ఏది కాస్తే దాంతోనే పది రకాలు చేయడం నేర్చారు. అరటికాయుంటే ఆవపెట్టిన కూర. కందా బచ్చలీ ఉంటే పెళ్ళిభోజనం. పనసచెట్టుంటే ఇక కూరగాయలు కొననే అక్కర్లేదు.

పనసపొట్టు సంగతి చెప్పాలి. లేత కాయ కావాలి. అరచేతులకి నూనె రాసుకుని చెక్కు తీసి, పెద్ద కత్తితో టకటకా కొట్టాలి. మా అత్తగారు కొడుతుంటే నాలుగిళ్ళ అవతలికి వినిపించేది. ఉడికించి, గట్టిగా పిండి, ఎండుమిర్చీ జీడిపప్పూ వేసి పోపు పెట్టేవారు. దింపాక మాత్రమే ఆవముద్ద కలపాలి. మొదటి ఏడాది నేను గిన్నె పొయ్యి మీద ఉండగానే కలిపేశాను. కూరంతా చేదెక్కింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు, పెరుగేసుకుని తినేశారు. ఆ తర్వాత ఎన్ని వందలసార్లు వండానో, ఆవ కలిపే ముందు గిన్నె దింపానా లేదా అని ఇప్పటికీ ఓసారి చూసుకుంటాను. కొట్టిన పొట్టు ఇప్పుడు అంబాజీపేట బజార్లో పొట్లాలు కట్టి అమ్ముతున్నారు, మీవాళ్ళకి అదైనా చాలు.

పొద్దున్న ఫలహారానికి పొట్టిక్కలు పెడతాను. నాలుగు పనసాకులు కొబ్బరి ఈనెపుల్లలతో బుట్టలా గుచ్చి, అందులో మినప్పిండీ బియ్యపురవ్వా కలిపిన పిండి పోసి ఆవిరి పెట్టడమే. ఆకు విప్పితే పిండి మీద ఈనెల గీతలు అచ్చుపడి ఉంటాయి. ఆ వాసన ఇడ్లీరేకులో వండితే రాదు. కొబ్బరిపచ్చడి, పైన కాస్త వెన్న. అంతే.

ఇక పులస. శ్రావణ భాద్రపదాల్లో గోదారి ఎర్రబడుతుంది చూడు, అప్పుడు సముద్రంలో ఉండే విలస గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ పైకొస్తుంది. ఉప్పునీళ్ళు వదిలి తీపినీళ్ళలో అలా ఈది ఈది వచ్చేసరికి దాని రుచే మారిపోయి పులసవుతుందంటారు. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట పూర్తి చేశాడు. అది దాటి పోలేక అక్కడ దాకానే వస్తుంది. పుస్తెలమ్మి అయినా పులస తినమన్నారు గానీ, నా చిన్నతనంలో పుస్తెల దాకా వెళ్ళక్కర్లేకపోయేది. రేవులో వలవాళ్ళు ధాన్యానికి ఇచ్చేసేవారు. ఇప్పుడు ఒక్క చేప వేలు పలుకుతోంది. పైగా ఒడిశా నుంచి ఐసులో వచ్చే విలసని పులసని చెప్పి అంటగడుతున్నారు. మీరు సొంతంగా కొనకండి, మన రేవులో తెలిసినవాళ్ళ దగ్గర నేనే తీసుకుంటాను.

వండటానికి మట్టిదాక ఉండాలి, కట్టెల పొయ్యి ఉండాలి, తొందర ఉండకూడదు. చిక్కటి చింతపండు పులుసులో బెండకాయలూ వంకాయలూ, ఆవకాయ ఊటలోని నూనె, కాస్త వెన్న. గరిటె పెట్టకూడదు, ముక్క విరిగిపోతుంది. దాకని రెండు చేతులా పట్టుకుని తిప్పాలి. నిప్పులు చల్లారేదాకా దాన్ని అక్కడే వదిలేయాలి. తినేది మర్నాడు. ముళ్ళు ఎక్కువ, మాట్లాడకుండా తినండి.

దీపావళి దాటాక వస్తే యానాం వెళ్ళండి, చీరమేను దొరుకుతుంది. చీరపీలికంత సన్నటి పిల్లచేపలు, చీరలతోనే వడగడతారు. గ్లాసులతో, తవ్వలతో కొలిచి అమ్ముతారు. కూరైనా బాగుంటుంది, గారెలైనా బాగుంటాయి.

ఆత్రేయపురం మాత్రం ఎప్పుడైనా వెళ్ళొచ్చు. పూతరేకులు కొనుక్కోవడమే కాదు, చేసేచోట కాసేపు కూర్చోండి. బోర్లించిన కుండ అడుగున మంట మండుతుంటుంది. బియ్యప్పిండి పల్చటి జావలో తడిపిన గుడ్డని చేసే ఆవిడ కుండ వీపు మీద ఒక్కసారి లాగుతుంది. లాగిన చెయ్యి వెనక్కి వచ్చేలోపే రేకు ఊడొస్తుంది, వెలుతురు కనబడేంత పల్చగా. దాన్ని తడిగుడ్డ మీద మెత్తబరిచి, నెయ్యీ పంచదారో బెల్లమో జల్లి మడుస్తారు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని టీవీలో చెప్పినప్పుడు నాకెంత సంతోషమేసిందో! ఆ పొగలో జీవితమంతా కూర్చున్న ఆడవాళ్ళ పనికి ఒక పేరొచ్చింది.

కొబ్బరి గురించి చెప్పమంటావా? 1996 నవంబరులో తుపాను వచ్చింది. తెల్లారి చూస్తే మన తోటలో నిలబడ్డ చెట్లకంటే పడ్డవే ఎక్కువ. మీ తాతగారు గుమ్మంలో కూర్చుండిపోయారు. బియ్యం తడిసిపోయాయి, నూతిలో నీళ్ళు పాడైపోయాయి. పడిన చెట్ల నుంచే బొండాలు కోసుకుని, ఆ నీళ్ళు తాగి, లేతకొబ్బరి తిని, పిల్లలతో రెండ్రోజులు గడిపాం. మీ అమ్మకి ఇవన్నీ బాగా గుర్తు, అడుగు. అందుకే ఎవరైనా బొండం సగం తాగి పారేస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. మీవాళ్ళకి ముందే చెప్పు.

చాల్లే, తేగలు తియ్యి. చెయ్యి కాలుతుంది, పట్టకారతో. పీచు ఇలా కిందనుంచి లాగాలి... ఊడిందా? ఇప్పుడు రెండుగా చీల్చు. ఇదిగో లోపల తెల్లటి మొవ్వ, ఇది నీకే.

నామాట విని మీవాళ్ళని శ్రావణంలోనే తీసుకురా. పులసతో పాటు తాటిపళ్ళూ దొరుకుతాయి. తిన్న టెంకలు వాళ్ళచేతే పెరట్లో పాతర వేయిస్తాను. తేగలు తవ్వుకోవడానికి సంక్రాంతికి మళ్ళీ వస్తారు.