మోనోక్లోనల్ యాంటీబాడీ, బీజకణం: ఒక వాక్యానికి టీక

"మోనోక్లోనల్ యాంటీబాడీలతో మానవ బీజకణాల మీది గుర్తులను పట్టి, సంతాన సామర్థ్యాన్ని పరిశీలించడం."

ఈ ఒక్క వాక్యాన్ని మాటామాటా విడదీసి చూద్దాం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఆశా కార్యకర్త సంచీలోని గర్భపరీక్ష కిట్టు కూడా ఈ విద్యతో తయారైనదే.

యాంటీబాడీ: ఒంట్లోకి పరాయిది ఏదైనా చొరబడితే బి కణాలు తయారుచేసే ప్రోటీన్. ఒక్కో బి కణం ఒక్క రకాన్నే చేస్తుంది, ఆ రకం ఒక్క గుర్తునే పట్టుకుంటుంది. ఇక్కడికి ఇంత చాలు.

మోనోక్లోనల్: అసలు కథ ఇక్కడుంది. మనిషి వీర్యకణాలను ఎలుకకు సూదిమందుగా ఇస్తే, దాని రక్తంలో రకరకాల యాంటీబాడీలు కలగాపులగంగా పుడతాయి. వాటిలోంచి కావలసిన ఒక్క రకాన్ని విడదీసే దారి 1975లో కేంబ్రిడ్జిలో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ చూపారు. 1984లో నోబెల్ అందుకున్నారు. ఎలుక ప్లీహంలోని బి కణం యాంటీబాడీ చేస్తుంది గానీ, గాజుపాత్రలో ఎక్కువ రోజులు బతకదు. మైలోమా అనే క్యాన్సర్ కణానికి చావు లేదు. ఈ రెండింటినీ కలిపితే పుట్టే హైబ్రిడోమాకు రెండు గుణాలూ వస్తాయి. ఆపైన, వేరుశనగలో ఒక్క మంచి మొక్క గింజల్నే విడిగా విత్తి వంశం నిలబెట్టినట్టు, ఒక్కో హైబ్రిడోమానూ విడిగా పెంచుతారు. దాని సంతతి అంతా ఒకే యాంటీబాడీ ఇస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. దేనితోనూ కలవని మైలోమా కణాలు పాత్రంతా ఆక్రమించేస్తాయి. వాటిని చంపడానికి హ్యాట్ అనే ద్రవం వాడతారు. ఆ పేరులోని నడిమి అక్షరం అమినోప్టెరిన్‌ది. డీఎన్‌ఏ తయారీకి ఉన్న రహదారిని ఈ మందు మూసేస్తుంది. ప్రయోగానికి ఎంచుకున్న మైలోమాకు అడ్డదారి లేదు కాబట్టి చస్తుంది. బి కణం నుంచి ఆ అడ్డదారి దక్కిన హైబ్రిడోమా బతుకుతుంది. ఈ అమినోప్టెరిన్ అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల్లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో తయారైంది. రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు దానితో కొంతకాలమైనా ఉపశమనం కలుగుతుందని సిడ్నీ ఫార్బర్ 1948లో చూపారు. సుబ్బారావు అదే ఏడాది కన్నుమూశారు. హైబ్రిడోమా రావడానికి అప్పటికి ఇంకా 27 ఏళ్లుంది. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ దగ్గర ఆగిపోతాం. ఈ సంగతి పెద్దగా ఎత్తం.

మానవ బీజకణాలు: అండం, వీర్యకణం. వీర్యకణాలు యుక్తవయసులో గానీ పుట్టవు. అప్పటికే ఒంటి రక్షణ వ్యవస్థ తనవాళ్లెవరో నేర్చేసుకుని ఉంటుంది. అందుకే వృషణంలో వాటికీ రక్తానికీ మధ్య అడ్డుకట్ట ఉంది. ఆడవారి ఒంటికి అవి ఎటూ పరాయివే, అయినా మామూలుగా ఊరుకుంటుంది. కొందరిలో ఊరుకోదు. జపాన్‌లో ఇసోజిమా బృందం 1987లో, పిల్లలు కలగని ఒక మహిళ బి కణాల నుంచే, వీర్యకణాలను కదలనివ్వని మోనోక్లోనల్ యాంటీబాడీని రాబట్టింది. అది పట్టుకునేది సీడీ52 అనే అణువు మీది చక్కెర గొలుసును. దాని ఆధారంగా రూపొందిన యాంటీబాడీని పొగాకు జాతి మొక్కల్లో పెంచి, గర్భనిరోధక పొరగా అమెరికాలో తొలిదశ పరీక్ష కూడా చేశారు. ఆమెకు బిడ్డను దక్కనివ్వని గుణమే, బిడ్డ వద్దనుకునేవారికి పనికొచ్చేలా ఉంది.

గుర్తులు: జపాన్ శాస్త్రవేత్తల దగ్గర ఓబీఎఫ్13 అనే మోనోక్లోనల్ ఒకటి ఉండేది. అది వేస్తే ఎలుక వీర్యకణం అండంతో కలవడం మానేసేది. అది పట్టుకున్నదేమిటో తవ్వితే 2005లో ఇజుమో అనే ప్రోటీన్ బయటపడింది. పెళ్లిళ్లకు పేరుపడ్డ జపాన్ గుడి పేరే దానికి పెట్టారు. అండం మీది జత ప్రోటీన్ 2014లో బ్రిటన్‌లోని సాంగర్ సంస్థలో దొరికింది. అదే జూనో. అంతకుముందు దాని పేరు ఫోలేట్ గ్రాహకం 4, తీరా చూస్తే ఫోలేట్‌ను పట్టుకోనే పట్టుకోదు. ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిందీ సుబ్బారావు బృందమే అన్నది గుర్తొస్తే నవ్వొస్తుంది. జూనోను కప్పేసే మోనోక్లోనల్ వేస్తే ఎలుకల్లో ఫలదీకరణ ఆగిపోయింది.

సంతాన సామర్థ్యం: ఆశా కార్యకర్త ఉచితంగా ఇచ్చే గర్భపరీక్ష కిట్టు నిశ్చయ్‌ను చూడండి. గుంటలో కొన్ని చుక్కల మూత్రం వేసి అయిదు నిమిషాలు ఆగుతారు. హెచ్‌సీజీ హార్మోన్ ఉంటే, రంగు రేణువులకు అంటుకున్న యాంటీబాడీ దాన్ని పట్టుకుని పాకుతుంది. టి గీత దగ్గర కాచుకున్న ఇంకో యాంటీబాడీ ఆ జంటను ఆపేస్తుంది, ఎర్ర గీత తేలుతుంది. పట్టీ సరిగా పనిచేసిందని చెప్పే సి గీత రాకపోతే ఆ పరీక్ష చెల్లదు. నిజానికి హెచ్‌సీజీ బీజకణానిది కాదు, గర్భంలో నాటుకుంటున్న పిండానిది. బీజకణాన్నే చూసే పట్టీ వేరే ఉంది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో జాన్ హెర్ బృందం వీర్యకణం తలలోని ఎస్‌పీ-10 ప్రోటీన్‌ను మోనోక్లోనల్‌తో గుర్తుపట్టింది. దాని ఆధారంగా వచ్చిన పట్టీ మిల్లీలీటరుకు 2 కోట్ల కణాలున్నాయో లేదో ఇంట్లోనే చెబుతుంది. అవి ఈదుతున్నాయా, ఆకారం సరిగా ఉందా అన్నది చెప్పలేదు. దానికి ఇప్పటికీ మైక్రోస్కోపే దిక్కు.

పరిశీలించడం: ఎవరిని? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ అనంతపురం నేల మీద, పంట పోయి బెంగళూరుకు వలసపోయిన మగవాడు పరీక్షకు దొరకడు. దొరికినా రాడు. పిల్లలు లేని దంపతులు కొలిస్తే ఏడాది తిరక్కుండా బిడ్డ పుడుతుందని కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానుకు పేరు. అక్కడికి ఇద్దరూ వెళ్తారు. ల్యాబ్‌కు మాత్రం ఆమెనొక్కదాన్నే పంపుతారు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కారణమూ ఉంటుంది. అయినా గొడ్రాలన్న మాట పడేది ఆమె. రెండో పెళ్లి మాట ఎత్తేది అతని తరఫువాళ్లు.

వీర్యపరీక్షకు కోత లేదు, మత్తు లేదు. రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండి, శుభ్రమైన డబ్బాలో పట్టి గంటలోపు ల్యాబ్‌కు చేర్చాలి. తేడా కనిపిస్తే మళ్లీ చేయించాలి. ఆమెకు స్కానింగ్ రాయించే ముందే ఈ పరీక్ష చేయించండి.